పూతరేకుల పెట్టెతో నేర్చుకున్నది: కొత్త ఐడియాని చేతిలో పట్టే వస్తువుగా మార్చడం ఎలా

నాది రాజమండ్రిలో చిన్న అట్టపెట్టెల యూనిట్. ఒక డై కటింగ్ మిషను, ఒక స్టిచింగ్ మిషను, గమ్ అంటించే నలుగురు ఆడవాళ్లు, లోడు ఎత్తే ఇద్దరు కుర్రాళ్లు. 19 ఏళ్లుగా ఇదే పని. స్వీటు షాపుల వాళ్లు, పచ్చళ్ల వాళ్లు, కడియం నర్సరీల వాళ్లు మా దగ్గర పెట్టెలు చేయించుకుంటారు. నెలకి ఇద్దరైనా వచ్చి "ఏదైనా కొత్తగా చేసిపెట్టండి" అంటారు. చదువు పూర్తయిన పిల్లలైతే "అంకుల్, బిజినెస్ పెట్టాలని ఉంది, మంచి ఐడియా ఎలా వస్తుంది?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను. నాకు తెలిసిన దారి ఒకటే. అది పూతరేకుల పెట్టె చేస్తూ నేర్చుకున్నాను కాబట్టి ఆ పెట్టెతోనే చెబుతాను. మీరు చేసేది చెప్పులైనా, యాప్ అయినా, టిఫిన్ బండి అయినా పని వరస పెద్దగా మారదు.

ముందు ఇబ్బందిని కళ్లతో చూడండి

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక పిన్నిగారు మా పాత కస్టమర్. ఒకరోజు సంచిలో మూడు పెట్టెలు పట్టుకుని వచ్చారు. మూత తీసి చూపిస్తే లోపల సగం రేకులు చిట్లిపోయి, పంచదార పొడి మూలల్లో చేరి ఉంది. "బాబూ, మీ అట్ట గట్టిది కాదు. హైదరాబాద్ వెళ్లేసరికి ఇలా అయిపోతున్నాయి. ఇంకాస్త దళసరిది వెయ్యండి" అన్నారు.

నేను అలాగే చేశాను. 3 ప్లై, అంటే మూడు పొరల అట్ట తీసేసి 5 ప్లై వేశాను. పెట్టె ధర 11 రూపాయల నుంచి 17కి పెరిగింది. రెండు వారాల తర్వాత పిన్నిగారు మళ్లీ వచ్చారు. పెట్టె చెక్కుచెదరలేదు. లోపల రేకులు మాత్రం ముందులాగే విరిగిపోయాయి.

అక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. కస్టమర్ చెప్పేది సాధారణంగా తనకి తోచిన పరిష్కారం. "దళసరి అట్ట" అనేది పిన్నిగారికి తోచిన పరిష్కారం. అసలు ఇబ్బంది ఏమిటో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మర్నాడు ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లి, పిన్నిగారి వసారాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

పూతరేకులు తినడం చిన్నప్పటి నుంచీ తెలుసు గానీ, చేసేటప్పుడు అంత దగ్గర నుంచి చూడటం నాకు అదే మొదలు. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకు మంట. పక్కన గిన్నెలో పాలలా పలచగా ఉన్న బియ్యప్పిండి. తెల్లటి పలచటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులతో అంచులు పట్టుకుని, కుండ మీద పరిచినట్టే పరిచి అటు లాగేస్తారు. గుడ్డ తాకిన మేర తెల్లటి పొర మిగులుతుంది. మనం రెప్ప వేసి తీసేలోగా అది ఆరిపోతుంది, అంచు కాస్త పైకి లేస్తుంది. ఆ అంచు పట్టుకుని ఒక్క ఊపులో ఊడదీసి పక్కన పేరుస్తారు. చేతికి వేడి తగులుతున్నట్టే ఉండదు ఆవిడకి. తర్వాత తడిగుడ్డతో రేకుని కొద్దిగా మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడత పెడతారు. తడి ఒక చుక్క ఎక్కువైతే రేకు సాగిపోతుంది, తక్కువైతే మడత దగ్గర పగులుతుంది.

తర్వాత మా పెట్టెల్లో సర్దడం మొదలైంది. వరసకి ఐదు చొప్పున రెండు వరసలు, పైన బటర్ పేపర్, మూత. చకచకా వెళ్లిపోతోంది పని. ఒక పెట్టె దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. విరిగిన రేకు ముక్కలు కొన్ని బటర్ పేపర్‌లో చుట్టి, చిన్న దిండులా చేసి, వరస చివర మిగిలిన సందులో దూర్చారు. పైన ఇంకో కాగితం నాలుగు మడతలు పెట్టి మూత కింద పరిచారు. "ఇదెవరికి పిన్నిగారూ?" అన్నాను. "మా అమ్మాయికండి, కూకట్‌పల్లిలో ఉంటుంది. దానికి పంపేటప్పుడు ఇలా పెడతాను. అన్నిటికీ ఇలా పెడుతూ కూర్చుంటే తెల్లారిపోద్ది" అన్నారు.

మాకు కావలసిన డిజైన్‌లో సగం అక్కడే దొరికింది. పని చేసే మనిషి తన అవసరానికి చేసుకున్న ఇలాంటి సర్దుబాటు కోసమే మీరు వెతకాలి. స్కూటరు సీటు కింద దూర్చిన గుడ్డ, మిక్సీ మూత మీద పెట్టిన అరచెయ్యి, ఫోన్ వెనక రబ్బరు బ్యాండుతో కట్టిన పది రూపాయల నోటు, అన్నీ ఇలాంటివే. ఆ మనిషిని అడిగితే "అబ్బే, ఇబ్బందేం లేదండి" అంటారు. చెయ్యి మాత్రం అక్కడ ఇబ్బంది ఉందని చెబుతూనే ఉంటుంది.

చూడటానికి వెళ్లేటప్పుడు నేను పాటించేవి కొన్ని ఉన్నాయి. పని జోరుగా ఉన్న వేళే వెళ్లాలి. ఖాళీగా ఉన్నప్పుడు వెళితే వాళ్లు పని ఎలా చెయ్యాలో చెబుతారు, ఎలా చేస్తున్నారో కనబడదు. మొదటి గంట ప్రశ్నలు వద్దు. చేతుల్నే చూడండి. చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండోసారి అదే పని చేసింది, ఏ వస్తువుని దానికి సంబంధం లేని పనికి వాడారు, ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోటో తీసేముందు అడగండి. చివర్లో ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా వెయ్యండి: "ఇదే మీ ఇంట్లో వాళ్లకైతే ఎలా చేస్తారు?" నాకు ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన ప్రశ్న ఇదే.

చూడటం ఎంత దూరం తీసుకెళుతుందో తెలియాలంటే లక్ష్మీ ఆసు యంత్రం కథ తెలుసుకోండి. పోచంపల్లి చీరకి రంగుల కోసం చిటికి కట్టే ముందు, అంటే దారానికి అక్కడక్కడా ముడులు కట్టే ముందు, ఆసు పోస్తారు. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక చీరకి ఆ చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు, తల్లి లక్ష్మిగారు ఆ పని చేసి చేసి భుజం నొప్పితో బాధపడటం చూస్తూ పెరిగారు. 1992లో మొదలుపెట్టి, డబ్బుల్లేక మధ్యలో ఆపుతూ, మళ్లీ సాగిస్తూ, 1999కి ఆ పని చేసే యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 4, 5 గంటలు పట్టే ఆసు గంటన్నరకి వచ్చింది. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఇంజనీరింగ్ చదవలేదు, బడి చదువే మధ్యలో ఆగిపోయింది. ఆ చెయ్యి ఎలా కదులుతుందో మాత్రం ఆయనకి తెలిసినంతగా ఏ ఇంజనీరుకీ తెలియదు.

లెక్క పెట్టండి, తర్వాత ఒక్క వాక్యం రాయండి

చూసొచ్చాక వెంటనే డిజైన్ మొదలుపెట్టకండి. నేను 20 పెట్టెలు మామూలుగా ప్యాక్ చేయించి, బస్సు కార్గోలో హైదరాబాద్ పంపి, అక్కడికి వెళ్లి దగ్గరుండి విప్పాను. మొత్తం 200 రేకులు. 46 విరిగాయి. అందులో 29 వరస చివర ఉన్నవే. పెట్టె బయట నొక్కుకుపోయినవి రెండే రెండు. అంటే బయటి నుంచి పడే బరువు వల్ల విరిగింది చాలా తక్కువ. మూతకీ రేకులకీ మధ్య అరంగుళం ఖాళీ, వరస చివర ఇంకో వేలెడు ఖాళీ ఉన్నాయి. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా రేకులు ఎగిరి, జరిగి, గోడకి కొట్టుకుంటున్నాయి. 5 ప్లై కాదు, ఇనప్పెట్టె చేసినా అవి విరిగేవే.

మొదటి రోజే ఆ 20 పెట్టెలు విప్పి ఉంటే దళసరి అట్ట కోసం పెట్టిన డబ్బంతా మిగిలేది.

లెక్క అయ్యాక ఇబ్బందిని ఒక్క వాక్యంలో రాసి గోడకి అంటించండి. ఆ వాక్యంలో మీ పరిష్కారం పేరు ఉండకూడదు. నేను రాసింది ఇది: "పెట్టె ఎంత కదిలినా లోపల రేకు కదలకూడదు, తీసేటప్పుడు వేలితో నొక్కాల్సిన పని ఉండకూడదు." ఇందులో అట్ట లేదు, ట్రే లేదు, ప్లాస్టిక్ లేదు. వాక్యంలో వస్తువు పేరు వచ్చిందంటే ఆలోచన ఆ వస్తువు దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

వాక్యంలో రెండో సగం విప్పేటప్పుడు తెలిసింది. హైదరాబాద్‌లో పెట్టెలు విప్పిన ఇంట్లో ఒక పెద్దావిడ మొదటి రేకుని పైకి తియ్యడానికి గోరు దూర్చారు. అక్కడే పటుక్కుమంది. బస్సులో బతికి బయటపడ్డ రేకు తినే మనిషి చేతిలో విరిగింది. అందుకే వస్తువు తయారయ్యే చోటే కాదు, వాడే చోటికి కూడా వెళ్లాలి.

మీ వీధి దాటి వెతకండి

ఇప్పుడు ఆ వాక్యాన్ని పట్టుకుని, ఇదే ఇబ్బంది ఉన్న వేరే వ్యాపారాలు ఏమున్నాయో చూడండి. మీ వ్యాపారంలో వాళ్లనే చూస్తే వాళ్లు చేసిందే మీరూ చేస్తారు. పూతరేకుల పెట్టెల కోసం వేరే పూతరేకుల పెట్టెలు చూసి లాభం లేదు, అన్నీ నేను చేసినవే, లేదా నా పక్క యూనిట్ వాళ్లు చేసినవే.

సులువుగా చిట్లేవాటిని ఇంకెవరు దూరం పంపుతున్నారు? కోడిగుడ్ల వాళ్లు. గుడ్ల ట్రే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టుకుని అరగంట చూశాను. 30 గుడ్లు పట్టే ఆ గుజ్జుకాగితం ట్రేలో గుడ్డు బరువు కింది మొనకి పడదు, చుట్టూ ఉన్న వాలు గోడలు మోస్తాయి. రెండు గుడ్లు ఒకదానికొకటి తగలవు. తర్వాత గాజుల కొట్టుకి వెళ్లాను. గాజుల్ని అట్ట గొట్టానికి తొడిగి, చివర బిగుతుగా కాగితం దోపుతారు. గలగలమనకపోతే గాజు పగలదని కొట్టు ఆయన చెప్పారు. మామిడిపళ్ల పెట్టెల్లో వరిగడ్డి ఎందుకు వేస్తారో మనకి తెలిసిందే. మూడు చోట్లా పెట్టె గట్టితనం కన్నా లోపలి ఖాళీ మీదే శ్రద్ధ.

మా అట్ట పుట్టుక కూడా ఇలాగే జరిగింది. అట్ట పొరల మధ్య అలల్లా ఉండే ముడతల కాగితానికి మొదట పేటెంట్ తీసుకున్నది ఇంగ్లండ్‌లో, 1856లో, పొడుగు టోపీల లోపలి అస్తరు కోసం. 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన అదే ముడతల కాగితాన్ని సీసాలు చుట్టడానికి పనికొస్తుందని పేటెంట్ చేయించాడు. టోపీ నుంచి సీసాకి, సీసా నుంచి ఇవాళ మీ ఇంటికి వచ్చే ప్రతి పార్సిల్‌కి. మన దగ్గరైతే అబ్దుల్ కలాం గారి కాలిపర్ల సంగతి చెప్పుకోవాలి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు మూడు కిలోల పైన బరువున్న కాలిపర్లు, అంటే నడవడానికి కాళ్లకి కట్టుకునే ఆధారాలు, ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి కాంపోజిట్ మెటీరియల్‌తో అవే కాలిపర్లు అరకిలో కన్నా తక్కువ బరువుకి చేయించారు. మెటీరియల్ అప్పటికే ఉంది. దాన్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకెళ్లే మనిషి కావాల్సి వచ్చింది. ఆ పిల్లల తల్లిదండ్రుల కళ్లలో నీళ్లు చూడటం తనకి దక్కిన పెద్ద ఆనందమని ఆయన చెప్పుకునేవారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా చిన్న పెట్టె మీద కూడా ఇంకో గంట కూర్చోవాలనిపిస్తుంది.

చేత్తో చెయ్యండి, చవగ్గా చెయ్యండి

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు బల్ల దగ్గర కూర్చోండి. నా సామాను ఇంతే: స్టీలు స్కేలు, కటింగ్ బ్లేడు, కింద వేసుకోవడానికి పాత ఫ్లెక్సీ ముక్క, టేపు, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను. మడత రావలసిన చోట స్కేలు ఆనించి ఆ పెన్నుతో గట్టిగా గీస్తే అట్ట చిరగకుండా సరిగ్గా అక్కడే మడుస్తుంది. మిషన్ మీద క్రీజింగ్ చేసే పనిని ఆ ఖాళీ పెన్ను చేసిపెడుతుంది.

మొత్తం 14 శాంపిళ్లు చేశాను. ఒక్కొక్కదానికి అట్ట ఖర్చు పది రూపాయలు కూడా కాలేదు. ప్రతి శాంపిల్ అడుగున నెంబరు, తేదీ, ఏం మార్చానో ఒక ముక్క రాశాను. ఇది తప్పనిసరిగా చెయ్యండి. "నాలుగోది బాగుండేది కదా, అందులో ఎత్తు ఎంత పెట్టాం?" అని పదకొండో శాంపిల్ దగ్గర అడుక్కోవాల్సి వస్తుంది. ఒక్కో శాంపిల్‌లో ఒక్కటే మార్చండి. ఎత్తు, గాడి వెడల్పు, మూత మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మొదటి ఆరూ గుడ్ల ట్రే నకలు. రేకుకో గాడి. బాగానే ఉన్నాయి గానీ, సర్దడానికి పిన్నిగారి పనమ్మాయికి రెట్టింపు టైమ్ పట్టింది. పండగ సీజన్‌లో అది కుదరదు. ఏడు, ఎనిమిది కూడా నచ్చలేదు. తొమ్మిదో దాని దగ్గర ట్రే చివరి అంచుని పొరపాటున అంగుళం పొడుగు కోశాను. పారేసే ముందు ఊరికే లోపలికి మడిచి చూస్తే, ఆ అంచు స్ప్రింగులా రేకుల వరసని మెల్లగా వెనక్కి నెడుతోంది. పిన్నిగారు సందులో దూర్చిన కాగితపు దిండు చేసే పని అదే. విడిగా దిండు చెయ్యక్కర్లేదు, పెట్టెలోనే పుట్టింది.

పొరపాటుని ఇలా పట్టుకున్న మహానుభావుడు మా వృత్తిలో ఒకాయన ఉన్నాడు. 1879లో బ్రూక్లిన్‌లో కాగితపు సంచులు తయారుచేసే రాబర్ట్ గేర్. విత్తనాల సంచుల మీద మడత గీత నొక్కాల్సిన లోహపు పట్టీ ఒకరోజు జరిగి సంచుల్ని కోసేసింది. మనమైతే ఆపరేటర్ మీద కేకలేస్తాం. ఆయన మాత్రం ఒకే దెబ్బకి కోతా మడతా రెండూ వేయొచ్చు కదా అనుకున్నాడు. ఇవాళ నా షెడ్డులో ఉన్న డై కటింగ్ మిషను చేసే పని అదే. శాంపిల్ చెడిపోతే వెంటనే బుట్టలో వెయ్యకుండా ఒక రాత్రి బల్ల మీద ఉంచండి అని నేను మా కుర్రాళ్లకి చెప్పేది అందుకే.

పెట్టెలు చేసేవాళ్లకి ఒక్క మాట. అట్ట లోపలి ముడతలు పెట్టె గోడల్లో నిలువుగా రావాలి. నిలువు ముడత స్తంభంలా బరువు మోస్తుంది. అడ్డంగా వస్తే పైన ఇంకో పెట్టె పెట్టగానే కుంగిపోతుంది. షీటు మిగులుతుందని అడ్డంగా కోసేవాళ్లని చాలామందిని చూశాను. ఇంకోటి, తినే వస్తువుకి న్యూస్ పేపర్ తగలనివ్వకండి. అచ్చు ఇంకు మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా హెచ్చరించింది. మామూలు బ్రౌన్ అట్ట కూడా నేరుగా తగలకూడదు, మధ్యలో ఆహారానికి వాడదగ్గ బటర్ పేపర్ ఉండాలి.

కస్టమర్ కన్నా ముందు మీరే విరగ్గొట్టండి

పార్సిళ్లకి ప్యాకింగ్ వాళ్లు వాడే ఒక పరీక్ష ఉంది, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. నిండా సర్దిన పెట్టెని సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే మామూలు టేబుల్ ఎత్తు నుంచి, గట్టి నేల మీద 10 సార్లు వదలాలి. ముందు ఒక మూల మీద, తర్వాత ఆ మూల దగ్గర కలిసే మూడు అంచుల మీద, తర్వాత ఆరు ముఖాల మీద. విసరకూడదు, వదలాలి. మా ఇంటి హాల్లో ఈ పరీక్ష చేస్తుంటే మా ఆవిడ మొదటి రోజు కంగారు పడింది, రెండో రోజు నుంచి లెక్క తనే రాసింది.

ఆ తర్వాత అసలు దారిలోనే పంపాలి. అదే కార్గో, అదే 20 పెట్టెలు, అదే 200 రేకులు. ఈసారి 7 విరిగాయి. ఒక పెట్టె మీద ఎవరో బియ్యం బస్తా పెట్టినట్టున్నారు, నాలుగు అందులోవే. దాన్ని లెక్కలోంచి తీసేద్దామని మా కుర్రాడు అన్నాడు. తియ్యలేదు. దారిలో బస్తాలు రేపు కూడా ఉంటాయి.

చూపించేటప్పుడు "ఎలా ఉంది?" అని అడగకండి. మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. వస్తువు చేతికిచ్చి మాట్లాడకుండా నిలబడండి. నేను పన్నెండో శాంపిల్‌ని ఎనిమిది మందికి ఇచ్చి రేకు తియ్యమన్నాను. ఐదుగురు కుడివైపు నుంచి వేలు పెట్టారు. నేను వేలు పట్టే సందు ఎడమవైపు పెట్టాను. పదమూడో దానిలో రెండు వైపులా పెట్టాను.

డబ్బు లెక్క

డిజైన్ అయ్యాక ఖర్చు చూద్దాం అనుకోకండి. ఖర్చు కూడా డిజైన్‌లో భాగమే. పదమూడో శాంపిల్ అన్ని పరీక్షలూ పాసయింది. కానీ మా మిషన్‌కి పట్టే షీటులో ఐదే పెట్టెలు వస్తున్నాయి, పక్కన పట్టీ వృథాగా పోతోంది. ఎత్తు 4 మిల్లీమీటర్లు తగ్గిస్తే ఆరు వస్తాయి. పద్నాలుగోది అలా పుట్టింది. ఎత్తు తగ్గడం వల్ల మూత కింద ఖాళీ కూడా తగ్గి, రేకులు ఇంకా బిగువుగా కూర్చున్నాయి. ఈ-ఫ్లూట్ అనే సన్న ముడతల అట్ట వాడాం, మందం ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది. లోపలి ట్రేతో కలిపి పెట్టె 14 రూపాయల 50 పైసలకి వచ్చింది.

పాత 11 రూపాయల పెట్టె కన్నా ఇది మూడున్నర ఎక్కువ. పిన్నిగారితో "మంచి డిజైనండి" అని అంటే ఆవిడ కొనరు. ఆవిడ ముందు లెక్క పెట్టాను. పాత పెట్టెలో సగటున రెండుకి పైగా రేకులు విరుగుతున్నాయి. రేకు ఇరవై రూపాయలు వేసుకున్నా పెట్టెకి 46 రూపాయలు నేలపాలు. ఫోన్లో తిట్లు అదనం. కొత్త దానిలో ఆ నష్టం ఏడు రూపాయలు. ఆవిడ కాగితం తిప్పి రెండుసార్లు చూసి, "ముందు రెండొందలు చెయ్యి బాబూ" అన్నారు. మీ వస్తువు వల్ల ఎదుటివాళ్ల జేబులో ఎంత మిగులుతుందో వాళ్ల అంకెలతోనే చెప్పండి.

మొదటి రెండు వందలూ చేత్తో కోసి ఇచ్చాం. డై, అంటే మిషన్‌లో బిగించే కోత అచ్చు, చేయించలేదు. డైకి వేలల్లో ఖర్చవుతుంది, ఒకసారి చేయించాక మార్చడానికి మనసొప్పదు. మొదటి ఆర్డర్ అయి, రెండోసారి అదే కస్టమర్ అడిగాకే డైకి డబ్బు పెట్టండి. ఉచితంగా ఇస్తే ఎవరైనా తీసుకుంటారు కాబట్టి మొదటి ఆర్డర్‌కి కూడా ధర తీసుకోండి, తక్కువైనా సరే.

చూపించే ముందు కాగితం పని

ఇక్కడ నాకు దెబ్బ తగిలింది, అందుకే గట్టిగా చెబుతున్నాను. పెట్టె బాగా వచ్చిందన్న సంతోషంలో ఫోటోలు తీసి వ్యాపారస్తుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశాను. నెలన్నర తిరక్కుండా వేరే ఊళ్లో ఒక యూనిట్ అదే ట్రే, అదే మడత అంచుతో పెట్టెలు అమ్మడం మొదలుపెట్టింది. అప్పుడు సలహా కోసం వెళితే, బయటికి చూపించిన డిజైన్ ఇక కొత్తది కింద రాదు, రిజిస్ట్రేషన్ కుదరదు అన్నారు. చాలా రోజులు నిద్ర పట్టలేదు.

తెలుసుకోవలసింది ఇది. వస్తువు ఆకారం, రూపం మీదైతే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ దరఖాస్తు ఫీజు 1,000 రూపాయలు, రక్షణ 10 ఏళ్లు, ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. అది రూపానికే, పని చేసే తీరుకి కాదు. పని చేసే తీరే కొత్తదైతే పేటెంట్. మొదట ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లో వ్యక్తులకి ఫీజు 1,600 రూపాయలు. అక్కడి నుంచి 12 నెలల్లోపు పూర్తి వివరాలు దాఖలు చెయ్యాలి. పేరుకి, గుర్తుకి ట్రేడ్‌మార్క్. ఏది చేసినా బయట చూపించకముందే చెయ్యాలి. శాంపిల్ చూపించక తప్పని చోట ఒక పేజీ రహస్య ఒప్పందం మీద సంతకం తీసుకోండి.

సాయం కావాలంటే దొరుకుతుంది. పల్లెల్లో పుట్టిన ఆవిష్కరణల్ని వెతికి పట్టుకునే పల్లెసృజన హైదరాబాద్‌లో ఉంది, మల్లేశం గారి యంత్రాన్ని బయటి ప్రపంచానికి చూపించింది వాళ్లే. మిషన్ల మీద నమూనా చేసుకోవాలంటే 2023లో మొదలైన టీ-వర్క్స్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ప్యాకింగ్ గురించి నేర్చుకోవాలంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కి హైదరాబాద్‌లో సెంటర్ ఉంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కాబట్టి, మీ ఊరి వస్తువుకి కూడా అది ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ వస్తువు చుట్టూ పెట్టె, లేబుల్, రవాణా, ఎన్నో కొత్త పనులు పుడతాయి.

అమ్మాక మళ్లీ వెళ్లండి

వస్తువు అమ్మిన మూడు నెలలకి మళ్లీ అదే వసారాలో కూర్చోండి. చాలామంది వదిలేసేది ఈ పనే. నేను వెళ్లినప్పుడు పిన్నిగారు నా మడత అంచుని మడవకుండా, దాని మీద పిన్ను కొట్టేసి వాడుతున్నారు. ఎందుకంటే నేతిచేతులతో అంచు జారుతోంది. ఆ అంచుకి చిన్న చీలిక పెట్టి దూర్చేలా మార్చాను, పిన్ను పోయింది. తినే వస్తువు పక్కన పిన్ను ఉందని తెలిసినప్పుడు నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. వెళ్లకపోతే తెలిసేది కాదు.

ఇప్పుడు ఇంకో ఇబ్బంది మీద ఉన్నాం. వానాకాలంలో గాలిలో తడికి రేకు మెత్తబడి సాగుతోంది. విరగడం పోయింది గానీ, నోట్లో కరకర కూడా పోతోంది. గోడ మీద కొత్త వాక్యం రాశాం: "పెట్టె మూసిన రోజు ఎలా ఉందో, నాలుగో రోజు తెరిచినా రేకు అలాగే ఉండాలి." పిన్నిగారి వసారాలో చూరు కింద ఐదు పెట్టెలు పెట్టి వచ్చాను. ఒకటి మామూలుది, మిగతా నాలుగింటిలో నాలుగు రకాల లోపలి కాగితాలు. పైన నెంబర్లు, తేదీలు ఉన్నాయి. గురువారం వెళ్లి ఒక్కొక్కటి తెరవాలి. రేకు విరిచినప్పుడు వచ్చే చప్పుడు వినడానికి పిన్నిగారి మనవరాలిని కూడా కూర్చోబెట్టుకుంటాను, ఆ పిల్ల చెవులు నా చెవుల కన్నా పదునైనవి.